లండన్ వానలో అమరావతి రాళ్ళు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించినదేదైనా రాయమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగినప్పుడు మొదట తప్పించుకోజూశాను. ముప్పయ్యయిదేళ్ళపాటు ఆఫీసు నోట్లు, డ్రాఫ్టులు రాసిన చేయి నాది. "తమ దృష్టికి తెచ్చునది ఏమనగా" అని మొదలుపెట్టడం తప్ప వేరే రచన ఎరుగను. చరిత్ర నేను చదువుకున్న సబ్జెక్టు కూడా కాదు. అయితే 2024 ఆగస్టులో లండన్‌లో ఒక వానరోజు మా మనవడు నన్నొక ప్రశ్న అడిగాడు. దానికి ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుక్కుంటూ తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం. పండితులెవరైనా చదివితే తప్పులు మన్నించగలరు.

మా అబ్బాయి, కోడలు అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మనవరాలికి పదమూడేళ్ళు, మనవడికి తొమ్మిది. ఆ శనివారం ఊరి బయట తోటలేవో చూపించాలని అబ్బాయి ప్లాను వేశాడు. తెల్లవారేసరికి వాన. మన ఆషాఢమాసపు కుంభవృష్టి కాదు. ఆగీ ఆగకుండా, గొడుగు వేస్తే నవ్వులపాలు, వేయకపోతే తడిసి ముద్ద అన్నట్టుండే సన్నజల్లు. "మ్యూజియాలకు పోదాం, పైన కప్పైనా ఉంటుంది, టికెట్టూ లేదు" అంది కోడలు. టికెట్టు లేదన్న మాట పెన్షనరు చెవికి ఇంపుగా ఉంటుందని వేరే చెప్పాలా? పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని ఆరుగురం బయలుదేరాం.

పొద్దున మనవడి ముచ్చట కొద్దీ దక్షిణ కెన్సింగ్టన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం చూశాం. 1881లో తెరిచిన భవనం. ప్రధాన హాలులో నీలి తిమింగలం అస్థిపంజరాన్ని 2017 నుంచి పైకప్పుకు వేలాడదీసి ఉంచారు. పొడవు 25.2 మీటర్లు. 1891లో ఐర్లండు తీరాన ఒడ్డుకు కొట్టుకువచ్చి చనిపోయిన జీవి అట. మా ఆవిడ తలెత్తి చూసి, "ఎంత ప్రాణి, పాపం!" అని దణ్ణం పెట్టింది. మనవడు సిగ్గుపడ్డాడు గానీ, పక్కనున్న తెల్లావిడ చిరునవ్వు నవ్వింది.

అక్కణ్ణించి భూగర్భ రైలెక్కి హోబర్న్‌లో దిగి, తడుస్తూ నడిచి బ్రిటిష్ మ్యూజియం చేరాం. 1753లో పార్లమెంటు చట్టంతో ఏర్పడి, 1759 జనవరి 15న జనానికి తెరిచిన సంస్థ. మధ్యలోని పెద్ద ముంగిలికి 2000 సంవత్సరంలో గాజు కప్పు వేశారు. అందులో 3,312 అద్దపు పలకలున్నాయి. వాటి మీద వానచుక్కలు జారుతుంటే కింద బల్ల దగ్గర కూర్చుని పులిహోర తిన్నాం. ఈజిప్టు మమ్మీలు, గ్రీకు బొమ్మలు చూసేసరికి నా మోకాళ్ళు మొరాయించాయి. ఇక ఇంటికి పోదామనుకుంటుండగా అబ్బాయి, "నాన్నా, ఒక్క గది మిగిలింది. అది నీకోసమే" అని తీసుకెళ్ళాడు.

33ఏ నంబరు గది

చైనా, దక్షిణాసియా వస్తువులుండే పొడవాటి హాలు చివర, అద్దాల గోడ వెనుక ఒక గది ఉంది. తలుపు పక్కన అమరావతి అని రాసి ఉంది. లోపల గోడ పొడవునా తెల్లని, కాస్త ఆకుపచ్చ ఛాయగల రాతి పలకలు. మనిషిని మించిన ఎత్తున్న స్తంభాలు. వాటిమీద విప్పారిన తామరపూలు, లావాటి పూలదండ మోస్తున్న మనుషులు, సింహాలు, ఏనుగులు, గుర్రాలు, కిక్కిరిసిన జనం. ఆడవాళ్ళ చేతులకు మోచేతిదాకా గాజులు, కాళ్ళకు బరువైన కడియాలు. మా ఆవిడ దగ్గరగా వెళ్ళి, "ఇవి మనవాళ్ళ మొహాలే" అంది.

నేను నిలబడిపోయాను. నా సర్వీసులో సగభాగం గుంటూరు జిల్లాలోనే గడిచింది. అమరావతి మీదుగా జీపులోనూ బస్సులోనూ ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ప్రతి కార్తీకమాసంలోనూ కృష్ణలో మునిగి, అమరేశ్వరుని దర్శనం చేసుకునేవాణ్ణి. గుడికి కూతవేటు దూరంలో స్తూపం దిబ్బ ఉందని తెలుసు. అక్కడొక మ్యూజియం ఉందనీ తెలుసు. ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదు. "ఇక్కడే ఉందిగా, ఎప్పుడైనా చూడొచ్చు" అనుకున్నాను. ఆ ఎప్పుడైనా అన్నది డెబ్భై నాలుగో ఏట, ఏడు సముద్రాల అవతల వచ్చింది.

ఒక పలక ముందు మనవడు ఆగిపోయాడు. అందులో నాలుగు దృశ్యాలున్నాయి. పైన ఒక పక్క మాయాదేవి నిద్రలో కన్న కల, మరొక పక్క ఆ కలకు అర్థం చెప్పడం. కింద ఒక పక్క బుద్ధుని జననం. ఆవిడ చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడి ఉంది, పక్కన దేవతలు చేతుల్లో పొడవాటి వస్త్రం పట్టుకున్నారు. "తాతయ్యా, బేబీ ఏడీ?" అన్నాడు. వెతికితే, ఆ వస్త్రం మీద చిన్న చిన్న పాదాల గుర్తులు మాత్రం కనిపించాయి. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించకుండా పాదముద్రలతో, ఖాళీ సింహాసనంతో, బోధివృక్షంతో సూచించడం పాత శిల్పుల పద్ధతి. వాడికి అది బాగా నచ్చింది. మిగిలిన పలకలన్నింటిలోనూ పాదాలు వెతకడం మొదలుపెట్టాడు.

వెతికి వెతికి నా దగ్గరకు వచ్చి అడిగాడు: "ఇవి మీ ఊరివా తాతయ్యా? మరి మీరెందుకు ఇచ్చేశారు?"

అబ్బాయి ఏదో సర్దిచెప్పబోయాడు. "ఇవ్వలేదురా, తీసుకుపోయారు" అన్నాను నేను. ఆ మాట అంటుండగానే అది పూర్తి నిజం కాదని లోపల ఏదో గుచ్చుకుంది. ఎందుకో కాస్త ఆగి చెబుతాను. ముందు రాళ్ళ కథ.

దిబ్బ కథ

కృష్ణకు దక్షిణపు ఒడ్డున, ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉంది అమరావతి. దాన్ని ఆనుకునే ధరణికోట, అంటే పూర్వపు ధాన్యకటకం. అక్కడి మహాస్తూపం క్రీస్తుపూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటికే మొదలైంది. శాతవాహనుల కాలంలో, ముఖ్యంగా క్రీస్తుశకం రెండో శతాబ్దంలో, పెరిగి మహావైభవం పొందింది. చుట్టూ ఉన్న రాతి ప్రాకారపు వ్యాసం సుమారు 59 మీటర్లు. అందరూ పాలరాయి అంటారు గానీ అది పలనాటి సున్నపురాయి. పద్నాలుగో శతాబ్దంలో కూడా ఇక్కడ మరమ్మతులు జరిగాయనడానికి ఆధారం సింహళంలో ఉంది. ధాన్యకటకంలో రెండంతస్తుల విగ్రహ మందిరాన్ని ధర్మకీర్తి అనే భిక్షువు బాగుచేయించినట్టు గడలదెనియలోని 1344 నాటి శాసనం చెబుతోంది. ఆ తర్వాత స్తూపం మట్టిలో కలిసి దిబ్బ అయింది. ఊరివాళ్ళు దాన్ని దీపాలదిన్నె అన్నారు.

పద్దెనిమిదో శతాబ్దం చివర చింతపల్లి జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తన నివాసాన్ని అమరావతికి మార్చి కొత్త పట్టణం కట్టించారు. కట్టడాలకు ఇటుక, రాయి కావాలి. దిబ్బ తవ్వితే రెండూ దొరికాయి. ఆ వార్త విని 1790ల చివర కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. ఆ తర్వాత భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయినవాడు ఈయనే. ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు మన ఏలూరువారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. మెకంజీ 1816లో మనుషులతో మళ్ళీ వచ్చి బొమ్మలు, కొలతలు గీయించాడు. అప్పటికే దిబ్బ నడుమ చెరువు తవ్వేశారు. ఆ బొమ్మలు నేటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. తర్వాత మాయమైపోయిన రాళ్ళు కొన్ని ఎలా ఉండేవో ఆ కాగితాల వల్లనే తెలుస్తోంది. రికార్డు విలువ మన ఉద్యోగులకు తెలిసినట్టు మరొకరికి తెలియదు.

1845లో గుంటూరులో ఉన్న వాల్టర్ ఇలియట్ అనే అధికారి దిబ్బ తవ్వించి రాళ్ళను మద్రాసు పంపాడు. తెలుగు జిల్లాల మొక్కల పేర్లన్నీ సేకరించి 'ఫ్లోరా ఆంధ్రికా' అనే పుస్తకం వేసినవాడూ ఈయనే. మద్రాసు చేరిన రాళ్ళు ఏళ్ళ తరబడి ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో 120కి పైగా పలకలను ఓడ ఎక్కించారు. లండన్‌లో వాటికి ఎదురు సన్నాహం ఏమీ జరగలేదు. 1867 ప్రాంతంలో జేమ్స్ ఫెర్గుసన్ అనే శిల్పచరిత్రకారుడు పారిస్ ప్రదర్శనకు ఫొటోలు వెతుకుతూ పోతే, ఇండియా మ్యూజియం ఉన్న ఫైఫ్ హౌస్‌లో బండ్లు నిలిపే కొట్టంలో ఇవి పడి ఉన్నాయట! మరుసటి సంవత్సరమే ఆయన వాటిమీద గ్రంథం ప్రచురించాడు. ఇండియా మ్యూజియాన్ని 1879లో ఎత్తివేశారు. 1880లో రాళ్ళు బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. చాలా ఏళ్ళు పెద్ద మెట్ల పక్కన గోడకు ఉండి, కొంతకాలం నిల్వగదుల్లో గడిపి, 1992లో ఈ ప్రత్యేకమైన గదికి చేరాయి.

ఇక్కడ మిగిలిన దిబ్బ గతి ఇంకా దారుణం. 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞతో మొత్తం తవ్వించేశారు. ఏ రాయి ఎక్కడ దొరికిందో సరైన నమోదు లేదు. మరుసటి సంవత్సరం జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి అక్కడ పెద్ద గొయ్యి మిగిలింది. రిజిస్టరు లేకుండా స్టోరు ఖాళీ చేస్తే ఏమవుతుందో ఆడిట్‌లో నలిగినవారికి చెప్పనక్కరలేదు. దొరికినవాటిలో చాలాభాగం మద్రాసు ఎగ్మూరు మ్యూజియానికి చేరాయి. కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. కలకత్తాలో కొన్ని, పారిస్‌లో కొన్ని.

లెక్కకు రానివి మరెన్నో. మెట్లకు పరిచినవి, గోడల్లో పెట్టినవి, సున్నం కోసం బట్టీలో కాల్చేసినవి. ఓడెక్కినవాటికి కనీసం చిట్టా ఉంది. బట్టీకెక్కినవాటికి ఎవరు లెక్క చెబుతారు?

మా అమ్మమ్మగారి నూతి బండ

ఇప్పుడు నా సంగతి. మా అమ్మమ్మగారి ఊరు అమరావతికి నాలుగు కోసుల దూరం. పెరట్లో నూతి పళ్ళెం పక్కన బట్టలుతికే బండ ఒకటుండేది. తెల్లగా, నునుపుగా, తడిస్తే కాస్త పచ్చగా కనిపించేది. దాని అంచున సగం తామరపువ్వు. రేకలన్నీ అరిగిపోయి, వేలితో తడిమితేనే తెలిసేవి. వేసవి సెలవుల్లో ఆ బండ మీద కూర్చోబెట్టి అమ్మమ్మ మాకు నలుగు పెట్టి నీళ్ళు పోసేది. అరతామర గీతల్లో నేను బొటనవేలు పెట్టి ఆడుకునేవాణ్ణి. అది ఎక్కడిదని అడిగితే, "మా మామగారి కాలం నుంచీ ఉందిరా" అనేది.

1986లో ఆ ఇల్లు అమ్మేశాం. కాగితాలన్నీ నేనే రాయించాను. బీరువాలకు, భోషాణానికి, ఇత్తడి గుండిగలకు జాబితా వేసి పంచుకున్నాం. బండను జాబితాలో రాయాలని ఎవరికీ తోచలేదు. కొన్నవారు నూయి పూడ్చి మేడ కట్టుకున్నారు. బండ ఏమైందో తెలియదు. బహుశా పునాదిలో పడి ఉంటుంది.

అది స్తూపం రాయేనని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ 33ఏ గదిలో ప్రాకారపు స్తంభం ఎదుట నిలబడినప్పుడు, నడుమ నిండు తామర, పైనా కిందా అరతామరలు చూసినప్పుడు, నా కుడికాలి బొటనవేలికి ఆ రేకలు గుర్తుకొచ్చాయి. "తీసుకుపోయారు" అని మనవడితో అన్న మాట గుచ్చుకున్నది అందుకే. తీసుకుపోయినవాడు పరాయివాడు, పాలకుడు. అతడి తప్పు అతడిదే. దాన్ని నేను తక్కువ చేయను. ఆ రాళ్ళు మనకు తిరిగి రావాలని కోరేవారి కోరికలో న్యాయం ఉంది. కానీ ఇంట్లో ఉన్న రాయిని చూసి, అదేమిటో తెలుసుకోకుండా పోగొట్టుకున్నవాడికి కూడా ఒక పద్దు ఉంటుంది. నా పద్దు నేను రాసుకోక తప్పదు.

రెండు పక్కలా చెక్కిన పలక

ఆ గదిలో నా మనసుకు హత్తుకున్నది మరొకటుంది. ఒక పలకకు రెండువైపులా శిల్పం ఉంది. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనానికి మొక్కుతున్న జనం. అది క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటిదంటారు. సుమారు మూడు వందల ఏళ్ళ తర్వాత అదే పలకను తిప్పి, వెనుకవైపు స్తూపం బొమ్మ చెక్కారు. గుమ్మంలో సింహాలు, నిలబెట్టిన అయిదు స్తంభాలు, పైన ఎగురుతున్న దేవతలు. ఆ మహాస్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఊహించడానికి ఇలాంటి పలకలే మనకు దిక్కు. మన రోజుల్లో కాగితం కొరత ఉన్నప్పుడు పాత సర్క్యులర్ల వెనుకవైపు డ్రాఫ్టులు రాసేవాళ్ళం, గుర్తుందా? అది చూసి నవ్వొచ్చింది. రెండువేల ఏళ్ళ కిందట కూడా ఎవరో పొదుపరి మేస్త్రి, "ఇది తిప్పి వాడండి" అని ఉంటాడు.

ఇంకొక సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈ స్తూపం రాజుల ధనంతో మాత్రమే లేవలేదు. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్న దానశాసనాలలో గృహస్థులు, భిక్షుణులు, వర్తకులు, చేతిపనివారు కనిపిస్తారు. విధికుడనే చర్మకారుడు తన తల్లి, భార్య, సోదరులు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి సమర్పించాడు. ఆ పూర్ణఘటమే నేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చిహ్నం నడుమ ఉంది. అమరావతి రాతిమీదనే కనబడిన 'నాగబు' అనే మాటను మొట్టమొదటి తెలుగు పదంగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించారు. విధికుడు ఏ రాజ్యానికీ మంత్రి కాడు. తన కష్టార్జితంలోంచి ఒక పలక ఇచ్చి, ఇంటిల్లిపాది తరఫున పేరు చెక్కించుకున్న సామాన్యుడు. మనలాంటివాడు.

జవాబు

సాయంత్రం అయిదుకు మ్యూజియం మూసేస్తారు. బయటికొచ్చేసరికి వాన ఇంకా పడుతూనే ఉంది. ఆ రాత్రి మనవడు మళ్ళీ అడిగాడు: "అవి మొదట ఎక్కడుండేవో ఆ చోటు నువ్వు చూశావా తాతయ్యా?" ఆ ప్రశ్నకే నేను జవాబు చెప్పలేకపోయింది. "ఈసారి వెళ్ళగానే చూసి నీకు చెబుతాను" అన్నాను. అప్పు చేసినట్టయింది.

నవంబరులో ఇండియాకు తిరిగొచ్చి, లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చి, మరుసటి వారమే మా ఆవిడతో అమరావతి వెళ్ళాను. కృష్ణస్నానం, అమరేశ్వర దర్శనం ఎప్పటిలాగే అయ్యాయి. తర్వాత మొదటిసారి ఆ పక్కకు తిరిగాం. మ్యూజియంలో తామరలు, సింహాలు, పూర్ణఘటాలు మన ఎండవెలుగులో చూశాం. స్తూపం దగ్గర మిగిలింది గుండ్రటి ఎత్తు గట్టు, చుట్టూ విరిగిన స్తంభాలు కొన్ని. చిన్నదే కదా అనుకుని చుట్టూ ఒక ప్రదక్షిణ చేయబోతే, మోకాళ్ళకు దాని కొలత తెలిసొచ్చింది.

అక్కణ్ణించే ఫోనులో మనవడికి చూపించాను. "అంతా ఖాళీగా ఉందేం?" అన్నాడు. "ఆ వస్త్రం మీద పాదాలు చూశావు గుర్తుందా? బిడ్డ కనిపించకపోయినా అక్కడే ఉన్నాడని నువ్వే కనిపెట్టావు. ఇదీ అలాంటిదే" అన్నాను. కాసేపు ఆలోచించి, "నేనొచ్చినప్పుడు తీసుకెళ్ళు" అన్నాడు. నూతి బండ సంగతి కూడా వాడికి చెప్పాను. ఎందుకు పోగొట్టారని కోప్పడ్డాడు. ఆ కోపం నాకు సంతోషమే.

చివరగా సంఘ సభ్యులకు రెండు మనవులు. ప్రతి ఏడూ కార్తీక వనభోజనాలకు ఎక్కడికో ఒకచోటికి వెళుతూనే ఉన్నాం. ఈసారి అమరావతి పెట్టుకుని, భోజనాలకు ముందు ఒక గంట స్తూపానికీ మ్యూజియానికీ కేటాయిద్దాం. మనవలను వెంట తీసుకురండి. రెండోది, మీ ఊళ్ళో, మీ పెరట్లో, గుడి గోడలో, చెరువు మెట్లలో చెక్కిన రాయి, అక్షరాలున్న బండ కనిపిస్తే దాన్ని కదిలించకండి. ఒక ఫొటో తీసి, ఎక్కడుందో, పెద్దలు దాన్ని గురించి ఏం చెబుతారో రాసి, తహసీల్దారుకో పురావస్తు శాఖవారికో తెలియజేయండి. దరఖాస్తు రాయడం మనకు కొత్త కాదు. "తమ దృష్టికి తెచ్చునది ఏమనగా" అని మొదలుపెడితే చాలు.